నూటికి నూరు వచ్చిన బడి

1987లో ఓ ఉదయం, హన్మకొండలో మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం నడిచే బడికి హెడ్‌మాస్టర్ లక్ష్మీనారాయణ ఎన్నడూ లేనిది వేళకు ముందే వచ్చాడు. హైదరాబాదు నుంచి ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. పిల్లల ప్రగతిని కంప్యూటరు తెర మీద చూపించి, ఇంకో కంప్యూటరు మంజూరు చేయించుకోవాలని ఆయన పథకం. ఉన్నదానికి ఉక్కపోయకూడదని, బడిలో ఫ్యానున్న ఒకే ఒక గదిని దానికిచ్చి, పిల్లలను వరండాలోకి తోలాడు. ఆ గదిలోకి పెద్దలు చెప్పులు విడిచి వెళ్లాలి. పిల్లలు అసలు వెళ్లకూడదు.

"ఇయ్యాల ఏ లోటు రావద్దు. అంతా నూటికి నూరు ఉండాలె, సమజైందా?" అన్నాడు ఆపరేటరు యాకయ్యతో. ఆయన చెప్పింది కుర్చీల గురించి, పూలదండ గురించి, చాయ్ గురించి.

"అయితది సార్," అని యాకయ్య లోపలికి వెళ్లి, ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా నూరు కొట్టాడు.

ఆఫీసరు వచ్చి, దండ వేయించుకుని, "మిషిన్ తప్పు చెప్పది సార్" అంటూ లక్ష్మీనారాయణ చూపించిన తెర చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"అద్భుతమండీ! అందరికీ అన్నీ వచ్చేశాయన్నమాట. ఇంక ఈ బడి దేనికి? పిల్లల్ని మామూలు స్కూళ్లకు పంపించేద్దాం. రేపే మూసేయిస్తాను."

లక్ష్మీనారాయణ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. బడే లేకపోతే హెడ్‌మాస్టరు గిరీ ఎక్కడిది?

"లేదు సార్, మిషిన్ తప్పు చెప్తాంది!"

"మిషిన్ తప్పు చెప్పదని ఇందాకేగా అన్నారు?"

"మా పిల్లలకు ఏం రాదు సార్! కావాల్నంటే చూడున్రి." వరండాలోకి పరుగెత్తి, అందరికంటే వెనకబడ్డాడని తాననుకునే కొమురెల్లిని రెక్క పట్టి తెచ్చాడు. "వీనికి అంగీ గుండీలు పెట్టుకునుడు సుత రాదు. ఏదిరా, పెట్టు!"

కొమురెల్లి తన గుండీలు ఒక్కొక్కటే నింపాదిగా పెట్టుకున్నాడు. తర్వాత హెడ్‌మాస్టరు వైపు చూశాడు. పొద్దున్నే తొందరలో ఆయన గుండీలు ఒక కాజా తప్పి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కొమురెల్లి వాటిని విప్పి, సరిగా పెట్టి, ఆ పొట్ట మీద తట్టి, "అచ్ఛా" అన్నాడు.

"చూశారా, నూరే!" అన్నాడు ఆఫీసరు.

వెనకే వచ్చిన టీచరు దిల్షాద్ బేగం కళ్లు నిండాయి. ఏడాదంతా కూర్చోబెట్టి ఆమె నేర్పిన పని అది. సంతోషపడాల్సిన గడియలోనే బడి పోయేట్టుంది.

"సార్, గుండీలు వచ్చినయి గనీ, వీడు ఒక్కడే రోడ్డు దాటలేడు. బస్సు నంబరు చదవలేడు. పెద్ద బడిల పడేస్తే వీన్ని ఎవరు చూస్తరు సార్?"

ఆఫీసరు ఆమె మాట వినలేదు. తెర మీది నూర్లనే మురిపెంగా చూస్తున్నాడు.

అంతలో కరెంటు పోయింది. వచ్చాక యాకయ్య, పిల్లల పేర్లు దాచి ఉంచిన క్యాసెట్టు పెట్టి, వాటిని కంప్యూటరులోకి మళ్లీ ఎక్కించాడు. పొద్దున కొట్టిన మార్కులు మాత్రం క్యాసెట్టులో దాచలేదు గనుక కరెంటుతోనే పోయాయి. ప్రతి పేరు ఎదుటా సున్నా.

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "ఒక్క చాయ్ తాగేలోపు నూరు నుంచి సున్నాకు పడిపోయారా! ఎంత ఘోరం! ఈ బడి మూయడానికి వీల్లేదు. ఎన్నేళ్లయినా నడపాల్సిందే. పిల్లల్ని ఇలా దిగజార్చిన మిమ్మల్ని మాత్రం ఊరుకోను!"

లక్ష్మీనారాయణకు ఏటూరునాగారం అడవుల్లోకి బదిలీ అయింది. కంప్యూటరును అంత బాగా చూసుకునేవాడు ఇంకొకడు దొరకడని, దాన్నీ ఆయన వెంటే పంపించారు. దిల్షాద్ బేగం పిల్లలను ఫ్యాను కిందికి తెచ్చుకుంది.

ప్రగతి ఎంత శాతమో చెప్పే దిక్కు లేక, పిల్లలు ఊరికే నేర్చుకుంటూ పోయారు.