ముప్పై ఏడు ఎంట్రీల స్టీలు డబ్బా

మంగళవారం పొద్దున దామోదర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. స్టీలు డబ్బా తోమి, తుడిచి, శ్రీవల్లిగారి టేబుల్ మీద పెట్టి రావాలి. అంతే. ఇంత చిన్న పనికి పద్నాలుగు దేశాల పార్లమెంటు సభ్యులు కూర్చుని విచారణ జరుపుతారని ఆయనకు మాత్రం ఏం తెలుసు, పాపం!

దామోదర్‌ది ఆడిట్ ఉద్యోగం. పద్నాలుగు దేశాలు తలా కొంత వేసుకుని పేద దేశాల్లో బావులూ పంపులూ వేయించే అంతర్జాతీయ మంచినీటి నిధి ఒకటి వాషింగ్టన్‌లో ఉంది. దాని లెక్కలు తనిఖీ చేసే విభాగంలో ఆయన పదహారేళ్లుగా ఉన్నాడు. శ్రీవల్లి ఆ నిధిలో అకౌంట్స్ అధికారి. అంటే ఆవిడ లెక్కలు రాస్తుంది, ఈయన తప్పులు పడతాడు. ఆ దేశాల పార్లమెంటు సభ్యుల కమిటీ ఏడాదికోసారి వచ్చి ఇద్దరినీ నిలబెట్టి అడుగుతుంది.

భార్య విద్య పోయి నాలుగేళ్లయింది. వాషింగ్టన్ శివారు షాంటిలీలోని ఇంట్లో ఇప్పుడు ఉండేది ఆయనా, ఫ్రిజ్ చప్పుడూ. వారమంతా ఫ్రోజెన్ పరోటా, ఆదివారం మార్పు కోసం ఫ్రోజెన్ ఇడ్లీ. ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనిపిస్తే ఇండియన్ స్టోర్‌కి వెళ్లి, కరివేపాకు ఎప్పుడొస్తుందని అడిగి వచ్చేస్తాడు. కరివేపాకుతో ఆయనకు పనేమీ లేదు.

కిందటి శుక్రవారం ఆడిట్ మీటింగులో ఆయన కడుపు గుర్రుమంది. మైకు ఆన్‌లో ఉంది. మధ్యాహ్నానికల్లా టేబుల్ మీదికి స్టీలు డబ్బా వచ్చింది.

"మీ కడుపు చెప్పిందంతా హాల్లో అందరం విన్నాం," అంది శ్రీవల్లి. "పులిహోర. ఒక్కదాన్నే ఉంటానన్న మాటే గానీ, ఒక్కరికి సరిపడా కలపడం నాకు రాదు దామోదర్‌గారూ."

ఆయన మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తిన్నాక రూలు గుర్తొచ్చింది. ఆడిట్ చేసేవాళ్లు అవతలివాళ్ల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే వారంలోగా తిరిగిచ్చేయాలి. వెంటనే నియమాల అధికారి నీల్ దగ్గరికి పరుగెత్తాడు. నీల్ ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు.

"అంకుల్, తిన్న ఫుడ్ రిటర్న్ చేయలేరు కదా," అన్నాడు నీల్. "బాక్స్ రిటర్న్ చేయండి. గిఫ్ట్ రిజిస్టర్‌లో ఎంటర్ చేయండి. ఆంటీ కూడా వాళ్ల రిజిస్టర్‌లో రాయాలి. దెన్ ఇట్స్ ఓవర్."

అదిగో, ఆ పనే మంగళవారం పెట్టుకున్నది. డబ్బా తోమడం అయింది, తుడవడం అయింది. కానీ ఖాళీ డబ్బాతో గుమ్మం దాటబుద్ధి కాలేదు. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగిచ్చే పద్ధతి ఆ ఇంట్లో ఏనాడూ లేదు. విద్య అయితే ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపేది. దామోదర్‌కి షుగరు, ఇంట్లో పంచదార ఉండదు. అల్మారా అంతా వెతికితే స్టోర్‌లో కొన్న జంతికల పొట్లం కనిపించింది. నాలుగు జంతికలు డబ్బాలో వేశాడు.

"అయ్యో, ఇవెందుకండీ?" అంది శ్రీవల్లి. గురువారం డబ్బా తిరిగొచ్చింది, ఆరు నువ్వుండలతో. ఆవిడ మాత్రం ఖాళీ డబ్బా ఎలా ఇస్తుంది?

మళ్లీ రిజిస్టరు. నువ్వుండలకి బదులు ఆయన యూట్యూబ్ చూసి దోసకాయ పప్పు వండాడు. నాలుగేళ్ల తర్వాత ఆ వంటింట్లో తిరగమోత చిటపటలాడింది. పప్పుకి బదులు గోంగూర వచ్చింది. గోంగూరకి బదులు ఉప్మా వెళ్లింది. అలా రోజు విడిచి రోజు డబ్బా తిరుగుతూనే ఉంది. ప్రతిదానికీ రెండు ఆఫీసుల్లోనూ తేదీ, వస్తువు, పరిమాణం, విలువ రాయాల్సిందే. విలువ దగ్గర నీల్ పట్టుబట్టాడు.

"మార్కెట్ వాల్యూ కావాలి అంకుల్."

"ఇంట్లో పప్పుకి మార్కెట్టేంట్రా నాయనా?"

"రెస్టారెంట్ మెనూ చూసి రాయండి."

మెనూ ధర వేసేసరికి కొంప మునిగింది. బహుమతుల విలువకి మూడు నెలలకి పెట్టిన పరిమితిని, వారం వారం వచ్చిన గోంగూర ఒక్కటే సగం మింగేసింది. బొబ్బట్లు వచ్చిన రోజున పరిమితి దాటింది, కంప్యూటరు దానంతటదే పార్లమెంటు సభ్యుల కమిటీకి కబురు పంపింది: ఆడిటరుకీ, అకౌంట్స్ అధికారికీ మధ్య ముప్పై ఐదు సార్లు ఇచ్చిపుచ్చుకోవడాలు.

"ప్లీజ్ అంకుల్, ఆపేయండి," అని నీల్ తల పట్టుకున్నాడు.

"ఎలా ఆపను? డబ్బా నా దగ్గరుంది."

నీల్ మర్నాడు వెళ్లి శ్రీవల్లికి చెప్పాడు. అప్పటికి డబ్బా ఆవిడ దగ్గరికి చేరింది. ఆవిడా అదే మాటంది.

విచారణ నోటీసు చూసి దామోదర్‌కి నిద్ర పట్టలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంది, కాదనను. అంతకంటే పెద్ద దిగులు ఇంకోటి. డబ్బా ఆగిపోతే మళ్లీ కరివేపాకు ఎప్పుడొస్తుందని అడగడానికి స్టోర్‌కి వెళ్లాలి. ఆ ఊహకే ఆయనకు ఏడుపొచ్చింది.

కమిటీ కూర్చుంది. వేల పంపులకైన రెండు వందల కోట్ల డాలర్ల పద్దు ఇరవై నిమిషాల్లో దాటిపోయింది. డబ్బాకి గంటన్నర పట్టింది. అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ, ఏదో చలిదేశం ఎంపీ. కళ్లజోడు సర్దుకుని అడిగింది.

"ఒక్కసారి ఖాళీగా తిరిగిచ్చి ఉంటే ఇదంతా ముగిసేది కదా?"

"ముగిసేదండీ," అన్నాడు దామోదర్. "అందుకే ఇవ్వలేదు."

వెనక వరసలో శ్రీవల్లి తల వంచుకుంది. అధ్యక్షురాలు రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ పోయింది. ఆరు నువ్వుండలు, ఆరు నువ్వుండలు. నాలుగు జంతికలు, నాలుగు జంతికలు. ఒకటి విరిగినది అని ఇద్దరూ రాశారు.

"పదకొండేళ్లుగా ఈ కమిటీలో ఉన్నాను," అందావిడ. "ఇచ్చినవాళ్ల లెక్కా, పుచ్చుకున్నవాళ్ల లెక్కా కలవడం ఇదే మొదటిసారి."

చప్పట్లు మోగాయి. శిక్ష మాట దేవుడెరుగు, ప్రమోషన్ ఇచ్చారు! దామోదర్ ఇక జెనీవాలో ఉండి అన్ని దేశాల అధికారులకీ రిజిస్టరు రాయడం నేర్పాలట. ఆ దెబ్బతో వాషింగ్టన్‌లో ఈ ఇద్దరి సంబంధం మీద ఎవరికీ అనుమానం ఉండదట. అందరూ చేయి పట్టుకుని ఊపేస్తుంటే ఆయన నవ్వలేక నవ్వాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద డబ్బా ఉంది. వంతు ఆయనదే. దాని పక్కనే కూర్చుని జెనీవా కాగితం నాలుగుసార్లు చదివాడు. ఐదోసారి చదవకుండా పెన్ను తీశాడు. ప్రమోషన్ వద్దు, ఎవరినీ ఆడిట్ చేయక్కర్లేని పాత ఫైళ్ల గదికి వేయండి అని రాశాడు. కింద కారణం రాయమని గడి ఉంది. పదహారేళ్ల అలవాటు, ఉన్నదున్నట్టు రాశాడు: "ఒకరి డబ్బా తిరిగివ్వవలసి ఉన్నది."

నీల్ ఫోన్ చేసి అరిచాడు. "జెనీవా అంకుల్! హూ సేస్ నో టు జెనీవా?"

"అక్కడ పప్పు వండితే ఎవరికి పంపను నాయనా?"

శనివారం పొద్దున, ఇన్నాళ్లకి మొదటిసారి, డబ్బా ఆఫీసుకి కాకుండా శ్రీవల్లి ఇంటికి వెళ్లింది. రెండు వీధుల అవతలే ఇల్లు. తలుపు తీసిన ఆవిడ చేతిలో రిజిస్టరు కాపీ ఉంది, వేలికి ఇంకు మరక ఉంది.

"ముప్పై ఎనిమిది అని వేసి ఉంచాను," అంది. "ఏం తెచ్చారు?"

"ఉప్మా. ఫైళ్ల గదికి మార్చేశారండీ నన్ను. ఇక రాయక్కర్లేదు."

ఆవిడ రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది.

"అయితే గుమ్మంలో నిలబడ్డారెందుకు? లోపలికి రండి. పళ్లేలు రెండు తీస్తాను."

ఉప్మాలో ఉప్పు బాగా ఎక్కువైంది. ఆ అభ్యంతరం ఏ రిజిస్టర్‌కీ ఎక్కలేదు.