మూడు నల్ల తీగలు

పిండిమర గడప దాటి వరద లోపలికి వచ్చిన ఏడాది సంగతి ఇది. నీళ్లు తీసిన నాలుగు నెలలకు, ఒక సోమవారం పొద్దున, ఆ ఇంట్లో చేయవలసిన పని చిన్నదే. తొమ్మిదికి మోటారుకు తీగలు కలపాలి. పదికి మర ఆడించాలి.

ఆ ఇంటి పెద్దాయనను వీధిలో పొదుపు మేస్త్రి అంటారు. ఆయన పొదుపంతా మాటల్లోనే. తడిసిన మోటారు విప్పి, కాలిన చుట్లు తీసేసి, కొత్త రాగి తీగ పన్నెండు రోజులు కూర్చుని తానే చుట్టాడు. ఆ పన్నెండు రోజుల్లో ఆడిన మాటలు కూడా పన్నెండుకు మించలేదు. మర నడిపేది కోడలు. జనం అప్పటికే వంతెన అవతలి మరకు అలవాటు పడుతున్నారు. సోమవారం పదింటికి తెరుస్తున్నామని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది. ఆ రోజు మర ఆడకపోతే ఇక ఎవరూ ఆ గుమ్మం తొక్కరు.

మోటారులోంచి మూడు తీగలు బయటికి వచ్చాయి. మూడూ నల్లవే. ఒకటి మోటారును మొదట కదిలించేది, ఒకటి కదిలాక నడిపించేది, ఒకటి ఆ రెంటికీ ఉమ్మడి. ఏది ఏదో చూస్తే తెలియదు. మేస్త్రి మీటరు పెట్టి రెండేసి తీగల చొప్పున కొలిచాడు. నాలుగు, ఆరు, పది. నాలుగూ ఆరూ కలిస్తే పది అన్నది ఆయన బడికి వెళ్లిన మూడేళ్లలోనే నేర్చుకున్నాడు. పది చూపిన జతలో లేని తీగ ఉమ్మడిది. దానితో నాలుగు చూపేది నడిపేది, ఆరు చూపేది కదిలించేది. భార్య కుట్టుపెట్టెలోని ఎర్రదారం తెచ్చి ఉమ్మడిదానికి ఒక ముడి, నడిపేదానికి రెండు, కదిలించేదానికి మూడు వేశాడు. తరువాత మోటారుకు మొదటి ఊపునిచ్చే కెపాసిటర్ తేవడానికి వెళ్లాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అది పట్టుకుని తిరిగి వచ్చేసరికి దారాలు లేవు.

భార్య ఇస్త్రీ చొక్కా చేతికిచ్చింది. "నలుగురూ వచ్చే వేళకి ఆ బనీనుతోనే నిలబడతావా? ఇది తొడుక్కో. గుండీ ఊడితే కుట్టాను. దారం అయిపోయిందనుకున్నా, మోటారుకి కాస్త చుట్టుకుని కనబడింది."

మేస్త్రి గుండీ వంక చూశాడు. ఎర్రదారమే. ఏమీ అనకుండా చొక్కా తొడుక్కుని మళ్లీ కొలుద్దామని మీటరు తీశాడు. అది వెలగలేదు. మూత తీస్తే లోపల సెల్లు లేదు.

"గోడ గడియారంలో వేశాను మామయ్యా," అంది కోడలు. "పదింటికి తెరుస్తామని చెప్పి, టైమెంతో మనకే తెలియకపోతే ఎలా?"

మేస్త్రి స్టూలు ఎక్కి గడియారంలోని సెల్లు లాగాడు. అది చేయి జారి కింద పడి, దొర్లుకుంటూ గడప దాటి మురిక్కాలువలో దిగింది. మేస్త్రి కూడా స్టూలు దిగి, గడప దాటి, వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. గడియారం పదికి ఇరవై నిమిషాల దగ్గర ఆగింది.

డబ్బాలతో జనం వరుస కట్టారు. "ఇంకా ఎంతసేపమ్మా?" అని ఎవరడిగినా కోడలు గడియారం చూపించింది. "ఇంకా ఇరవై నిమిషాలుంది." పదిన్నర దాటాక కూడా ఇరవై నిమిషాలే ఉంది.

అంతలో మేస్త్రి బావమరిది వచ్చాడు. బస్సు డ్రైవరు. చక్రం ఉన్న ప్రతిదీ తనకు తెలుసని ఆయన నమ్మకం.

"మామయ్య పంపారా బాబాయిగారూ?" అంది కోడలు ఆశగా.

"మా బావ నోరు తెరిచి పంపుతాడా? ఇందాక వంతెన దగ్గర ఎదురుపడి నా వంక ఒక్క చూపు చూశాడు. నువ్వెళ్లి సంగతి చూసుకో అన్నట్టే ఉంది."

ఆయన రెండు తీగలు కరెంటుకు కలిపి, మూడోదాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"అదెందుకు వదిలేశావురా?" అంది అక్క.

"అది స్టెప్నీ అక్కా."

కోడలు గింజలు పోసింది. డ్రైవరు స్విచ్చి వేశాడు. ఆ ఇంటి మోటారు కనుక ఊఁ అని ఊరుకుంది.

"కదలని బస్సుని ఏం చేస్తాం? తోస్తాం," అని డ్రైవరు కర్రతో చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. కదిలించే తీగ లేని మోటారు ఎటు తోస్తే అటే తిరుగుతుంది. ఆయన తోసింది వెనక్కి. మర వెనక్కి తిరిగి, మింగిన గోధుమలన్నీ డ్రైవరు ముఖాన ఊసింది.

"రివర్సు తీసేముందు వెనక చూసుకోవద్దా డ్రైవరూ?" అన్నారు వరుసలోంచి.

కోడలు స్విచ్చి ఆపి, గింజలు ఏరడానికి కూర్చుంది. తల ఎత్తలేదు. వెనకనున్న ఇద్దరు డబ్బాలు భుజానికి ఎత్తుకున్నారు.

అప్పుడు మేస్త్రి ఉత్త చేతులతో వచ్చాడు. సెల్లుల కొట్టు మూసి ఉంటే అరగంట సేపు దాని మెట్టు మీద కూర్చుని వచ్చాడు. వరుసలో నాలుగోవాడు ఆ కొట్టువాడే. మేస్త్రి అతనికి ఖాళీ మీటరు చూపించి, కొట్టు వైపు వేలు చూపాడు.

"నా కోసమా? పక్కింట్లో ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లు కదయ్యా, నేనిక్కడున్నానని."

మేస్త్రి గింజలు ఏరుతున్న కోడలిని చూశాడు. భార్యను చూశాడు. గుండీ మీద వేలు పెట్టి, "ఈ దారం ముడులు నా గుర్తులు. ఏది ఏ తీగో ఇప్పుడు నాకు తెలియదు," అన్నాడు. ఆయన నోట ఒక్కసారిగా అంత మాట విని బావమరిది ముఖం తుడుచుకోవడం మానేశాడు.

"గుర్తులని నాకు చెప్పావా?" అంది భార్య. "పొట్టి తీగకి ఒక ముడి. కొస చీలినదానికి రెండు. మిగిలినదానికి మూడు. విప్పినదాన్ని నాకు తెలియదా? పొద్దుట్నుంచీ నన్నెవరైనా అడిగారా?"

మేస్త్రి మెయిన్ ఆపి, ఆమె చెప్పినట్టే కలిపి, స్విచ్చి వేశాడు. మోటారు ఊఁ అనకుండానే అందుకుంది. తెల్లటి పిండి కోడలి దోసిట్లోకి వెచ్చగా జారింది. డబ్బాలు భుజాల మీంచి దిగాయి.

మరునాడు పొద్దున మేస్త్రి చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో ఆగి, "గడియారానికి సెల్లు తేవడానికి వెళ్తున్నా, గంటలో వస్తా," అని చెప్పాడు.

నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆయన అలా చెప్పి వెళ్లడం అదే మొదలు కనుక, భార్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమో చూసింది.