ఒక్క గ్యాస్కెట్, అయిదు గళ్లు

పదింటిలోగా గ్యాస్కెట్ తెప్పించాలి, మధ్యాహ్నానికి పంపు బిగించాలి, సాయంత్రం మేనేజరు చేత సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకుని రేపటి విమానం ఎక్కాలి. సౌదీలోని యాన్బులో ఓ ఫ్యాక్టరీలో పంపులు బాగుచేసే భూమేష్ ఆ ఉదయం వేసుకున్న లెక్క ఇది. పుట్టి రెండేళ్లయిన కూతుర్ని ఇంతవరకు ఫోన్లోనే చూశాడు. పంపు తిరిగితేనే సంతకమని మేనేజరు కుండబద్దలు కొట్టాడు.

పంపు స్వీడన్‌ది. మూత దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఆ మూత కింద వేసే రబ్బరు గ్యాస్కెట్ పేరు కేటలాగులో ఎక్కడా ఆగకుండా వాళ్ల భాషలో ఇరవై ఏడు అక్షరాలు సాగింది: కిల్‌వాటెన్‌పంప్స్‌లాక్స్‌ప్యాక్నింగ్. అంత పెద్ద పంపు చేసినవాళ్లకు నడుమ కాస్త సందు పెట్టడానికి ఏం రోగమో!

స్టోరు గుమాస్తా ఖాదర్ మొహిద్దీన్ కడప మనిషి. కేటలాగు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏందప్పా ఈ పేరు, గూడ్సు బండి మాదిరి! నా కంప్యూటర్లో గడికి పది అక్షరాలే పడతాయి.”

“వాళ్లు సందు ఇడువరు ఖాదర్ భాయ్. చల్లబర్చుడు, నీళ్లు, పంపు, మూత, గ్యాస్కెట్. అయిదు ముక్కలు ఒక్కదానికొకటి అతికిచ్చిండ్రు. ఆఖర్ల ఉన్నదే మనకు గావాలె. ముంగటియన్నీ ఇంటిపేర్లనుకో.”

“ఇంటిపేరు రాయకుంటే ఆడిట్‌లో నా మెడకు సుట్టుకుంటాదే!”

ఖాదర్ పైన పంపు కేటలాగు నంబరు కొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో గడిలో ఇంగ్లీషులో పెట్టాడు. ఎన్ని కావాలో చెప్పందే కంప్యూటరు ముందుకు కదలదు కనుక ప్రతి గడి పక్కనా ‘ఒకటి’ అని కొట్టాడు. మేనేజరు అలవాటు ప్రకారం చదవకుండానే సంతకం పెట్టి సరుకుల కొట్టుకు పంపాడు.

పదకొండుకల్లా కొట్టు వ్యాను వచ్చింది. ఒక ఎయిర్ కూలరు దిగింది. ఒక పెట్టె నీళ్ల సీసాలు దిగాయి. కేటలాగు నంబరు ప్రకారం సరికొత్త పంపు, ఆ వెనకే బిర్యానీ డేగిసాకు సరిపోయే మూత. గ్యాస్కెట్ గడిలో మాత్రం ‘స్టాకు లేదు, పదిహేను రోజులు’ అని ఉంది.

భూమేష్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అకల్ ఉన్నదా భాయ్ నీకు? ఒక్క రబ్బరు ముక్క అడిగితే సంసారం దింపినవ్! పదిహేను దినాలాయె, నా బిడ్డ మొకం ఎప్పుడు సూడాలె? నీ గళ్లల్ల మన్నువడ!”

“నన్నెందుకు తిడతావప్పా? పోయి ఆ స్వీడన్ వాళ్లను తిట్టు!”

అరుపులు విని మేనేజరు వచ్చాడు. భూమేష్ వచ్చీరాని హిందీలో తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. మేనేజరు కొత్త పంపు చుట్టూ ఒకసారి తిరిగి, ఇది ఎదురుగా ఉండగా పాతదాని మూత పట్టుకుని ఏడుపెందుకు, బిగించడం చేతకాదా అని అడిగాడు.

భూమేష్ పానా అందుకున్నాడు. మూడింటికి కొత్త పంపు తిరిగింది, నాలుగింటికి సంతకం పడింది. తను చెప్పినట్టు గ్యాస్కెట్ ఒక్కటే రాసి ఉంటే ప్రయాణం గోవిందా అయ్యేదని అప్పటికి తట్టింది.

విమానం ఎక్కేదాకా భూమేష్ కోపం తగ్గలేదు. ఎవరి మీదన్నది మాత్రం తేల్చుకోలేకపోయాడు.