ఫ్యాన్ లేని కంప్యూటర్‌కు ఘన సన్మానం

కంప్యూటర్ గారు స్పృహ తప్పి అప్పటికే చాలాసేపయింది. గుల్‌ఆరిఖ్ జిల్లా రేడియో కేంద్రం పెద్దలందరూ ఆయన చుట్టూ గుమిగూడి ఉన్నారు. డైరెక్టర్ ఎర్గాష్ అకా, అంటే ఎర్గాష్ అన్నగారు, చెయ్యి చాచి ఆయన నుదురు అనుకున్న చోట తాకారు. చురుక్కుమనేసరికి చెయ్యి వెనక్కి లాక్కుని, "జ్వరం" అని ప్రకటించారు.

జ్వరమొచ్చినవాళ్లకు ఏం చెయ్యాలో మీకు నేను చెప్పాలా? చెమట పట్టేదాకా కప్పాలి. వెంటనే పక్కగదిలోంచి రెండు దూది బొంతలు తెప్పించారు. అప్పటికే ఆయన ఒంటి మీద సన్మానం తాలూకు ఏడు చాపాన్లు, అంటే దూది కూరిన పొడవాటి అంగీలు, ఉన్నాయి. వాటి పైన బొంతలు పరిచి, అంచులు లోపలికి జాగ్రత్తగా దోపారు.

"అయ్యో, తీసేయండి అకా! బొంతలే కాదు, అన్నీ తీసేయండి!" అంది సౌండ్ ఇంజినీరు ముహయ్యో.

"ఒళ్లు కాలిపోతున్నవాడి మీద దుప్పటి లాగేస్తావా? నీకసలు మనసుందా అమ్మాయ్?" అన్నారు ఎర్గాష్ అకా.

మనసు లేనివాళ్ల మీద అనుమానం కలగడం సహజం. సరిగ్గా అప్పుడే హాకిమ్ గారి ఫోనొచ్చింది. హాకిమ్ తోహిర్ మద్రహీమోవ్ గారు మా జిల్లాకు సర్వాధికారి. పొద్దున ఈ కంప్యూటర్‌ను స్వహస్తాలతో ప్రారంభించి, పలావు తినడానికి వెళ్లారు. తాను తిరిగొచ్చేలోగా దోషి పేరు సిద్ధంగా ఉండాలనీ, ఆ మనిషి ఉద్యోగం సాయంత్రం దాటకూడదనీ సెలవిచ్చారు.

అక్కడికక్కడే విచారణ సంఘం ఏర్పడింది. వార్తలు చదివేవాణ్ణి కాబట్టి, గొంతు బాగుందన్న కారణంతో నన్ను కూడా సభ్యుణ్ణి చేశారు. సంఘం కూర్చున్న మొదటి నిమిషంలోనే ముహయ్యోను దోషిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. మిగిలిన సమయాన్ని నేరం వెతకడానికి కేటాయించింది.

నేరం వెతికే ముందు, నేరం జరిగిన చోటికి ఆ కంప్యూటర్ ఎలా వచ్చిందో చెప్పాలి.

మా పాత కంప్యూటర్‌కు మూడు ఫ్యాన్లుండేవి. దాంతో ఏం రికార్డు చేసినా వెనకాల ఒక ఆయాసం వినిపించేది. దోతార్ మీటి వీరగాథలు పాడే బఖ్షీల్లో మా ప్రాంతానికి మిగిలిన పెద్దాయన బాల్తాబాయ్ బాబా. ఆయన కథలో వీరుడు ప్రాణం విడిచాక కూడా ఆ ఆయాసం ఆగేది కాదు. శ్రోతలు మొదట్లో ఫిర్యాదు చేశారు, తర్వాత అలవాటు పడ్డారు, ఆ తర్వాత ఇష్టపడ్డారు. ఒక పండితుడు ఆ శబ్దం మన పూర్వీకుల కాలంలోనే అంతరించిపోయిన ఒక సుషిర వాద్యానిదని నిరూపించి పట్టా పుచ్చుకున్నాడు. ఆ వాద్యం పునరుద్ధరణకు ఒక శాఖ కూడా వెలిసింది. దాని అధిపతికి మంచి కారుంది.

ముహయ్యోకు మాత్రం చెవులు పాడవలేదు. ఫ్యాన్ లేని కంప్యూటర్ కావాలని ఏళ్ల తరబడి అడిగింది. "పెద్దాయన గొంతు ఒక్కటే వినపడాలి అకా. ఆయన వెళ్లిపోయాక మనకు మిగిలేది అదే" అనేది. ఎర్గాష్ అకా వినేవారు కాదు. ఒకనాడు ఆమె విసుగెత్తి, "అసలు ఆ ఫ్యాన్లలోంచి వచ్చే గాలి సూటిగా మీ నడుముకే కొడుతోంది" అంది. అంతే! చల్లగాలి నడుముకు తగిలితే మనిషి మంచాన పడతాడని పాలు తాగే వయసు నుంచే మాకందరికీ తెలుసు. ఆ సాయంత్రానికే సంతకం అయిపోయింది.

వచ్చినాయన నిజంగానే పెద్దమనిషిలా ఉన్నారు. ఒళ్లంతా అల్యూమినియం, నిలువునా వరుసగా పలకలు. లోపల పుట్టిన వేడిని రాగి గొట్టాలు ఆ పలకల దాకా మోసుకొస్తాయి, పలకలు దాన్ని చుట్టూ ఉన్న గాలిలోకి వదిలేస్తాయి. తిరిగేది లేదు, గుయ్యిమనేది లేదు. వేడి మరీ మించితే తనంతట తనే ఆగిపోతారు, చల్లబడితే మళ్లీ లేస్తారు. ఆయన కోరేది ఒకటే, ఒంటికి కాస్త గాలి తగలనివ్వడం.

పొద్దున ప్రారంభోత్సవంలో హాకిమ్ గారు ఇచ్చిన ఉపన్యాసం మేమంతా నిలబడే విన్నాం.

"ఈ యంత్రాన్ని చూడండి. పని చేస్తుంది, కానీ చప్పుడు చెయ్యదు. లోపల ఎంత మండుతున్నా పైకి అనదు. గాలి కావాలని అడగదు, నీళ్లు కావాలని అడగదు. ఇదీ సంస్కారం! మా ఉద్యోగులకూ, ఆ మాటకొస్తే ప్రజలకూ, ఈ యంత్రమే ఆదర్శం కావాలి!"

చప్పట్లు మోగాయి. ఇంతటి సంస్కారవంతుడికి ఊరికే చేతులు కట్టుకుని స్వాగతం చెప్పడం మా రక్తంలో లేదు. హాకిమ్ గారు బంగారు జరీ అంచున్న చాపాన్ తెప్పించి, కంప్యూటర్ భుజాల మీద స్వయంగా కప్పారు. చిల్లా ఎండలు నలభై రోజులు కాల్చే కాలమైనా సరే, చాపాన్ లోపల దూది దట్టంగా ఉండాలి. పల్చటి గౌరవం అవమానంతో సమానం.

ముహయ్యో ముందుకొచ్చి, "హాకిమ్ అకా, దీనికి ఒంటి మీద బట్ట..." అంటుండగా ఆయన చెయ్యెత్తి ఆపి ఫోటోకు నవ్వారు.

హాకిమ్ గారు కప్పాక ఉప హాకిమ్ గారు కప్పకుండా ఉంటే ఏమనుకుంటారు? ఆయనా కప్పారు. విద్యుత్ శాఖ కప్పింది. నీటి కాలువల శాఖ కప్పింది. అంతరించిన వాద్యాన్ని పునరుద్ధరించే శాఖ అధిపతి, తన శాఖను అంతరింపజేయడానికి వచ్చిన యంత్రానికి అందరికన్నా మందమైన చాపాన్ కప్పి కళ్లు తుడుచుకున్నారు. బ్యాంకు కప్పింది. చివరగా ఎర్గాష్ అకా కప్పారు. కంప్యూటర్‌కు వేసిన ప్రతిసారీ, పక్కన కూర్చున్న బాల్తాబాయ్ బాబా చిన్నబుచ్చుకోకుండా ఆయనకు కూడా ఒకటి వేశారు.

గదికి కిటికీ తెరవరు, చప్పుడొస్తుందని. ఏసీ కట్టేశారు, అదీ చప్పుడేనని. ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. జిల్లా అంతా రేడియోల ముందు కూర్చుంది. బాబా దోతార్ శ్రుతి చేసి, గొంతు సవరించి, వీరుణ్ణి గుర్రమెక్కించారు. గుర్రం కదిలేలోపు కంప్యూటర్ గారు ఆగిపోయారు.

మా యంత్రం పడిపోతే టవర్ దగ్గరివాళ్లు ఏదో ఒక పాత టేపు వేస్తారు. మళ్లీ లేవగానే ప్రసారం దానంతటదే మా గదికి వచ్చేస్తుంది. అంతవరకూ జిల్లా ప్రజలు ఖర్బూజా తీగలకు నీరు పెట్టడం గురించిన ప్రసంగాన్ని వింటూ ఉంటారు. మా విచారణ సాగినంతసేపూ వాళ్లు దాన్నే మళ్లీ మళ్లీ విన్నారు.

ఇక విచారణకు వద్దాం.

విద్యుత్ శాఖ ప్రతినిధి మాట్లాడుతూ, కరెంటు తమ వైపు నుంచి ఆరోగ్యంగానే బయలుదేరిందనీ, దారిలో ఏం జరిగిందో తమకు తెలియదనీ చెప్పారు. వాద్య శాఖ అధిపతి దిష్టి అన్నారు. ఇసిరిఖ్ ఆకు కాల్చి, మందమైన పొగ పలకల మధ్యకు పట్టించారు. అందరం దగ్గాం, కంప్యూటర్ మాత్రం దగ్గలేదు. సంస్కారం! ఉప హాకిమ్ గారు ఇది ఫ్యాన్ల కుట్ర అన్నారు. పాత కంప్యూటర్‌ను పిలిపించి విచారించాలన్నారు. అది గోదాములో ఉందని తెలిసి, ఏ పాపం చెయ్యనిదైతే ఎందుకు దాక్కుందని అడిగారు. మంచి ప్రశ్నే.

చాపాన్ల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎలా ఎత్తుతాం? ఇచ్చినవాడు ఊళ్లో ఉండగా అతను కప్పిన చాపాన్ తీస్తే ముఖాన ఉమ్మినట్టే. పైగా ఏడింటిలో అయిదు విచారణ సంఘానివే.

"ముహయ్యో, నువ్వే ఒప్పేసుకోరాదూ? అందరం ఇంటికెళ్లిపోతాం" అన్నారు ఎర్గాష్ అకా చెమట తుడుచుకుంటూ, ఎంతో ఆప్యాయంగా.

"ఏమని ఒప్పుకోను? ఊపిరాడక పడిపోయిందని చెబుతూనే ఉన్నాగా!"

"ఇదిగో, ఇదే నీతో వచ్చిన చిక్కు. అడిగినదానికి జవాబు చెప్పవు. నువ్వు చేశావా, చేశావా? రెండే ముక్కలు!"

"నా ఉద్యోగం పోతే పోనీ. ఆయన గొంతు రేపెవరు రికార్డు చేస్తారు? మీరా? మైకు ఎటు తిప్పాలో తెలుసా మీకు?"

"అకాతో అలాగేనా మాట్లాడేది? రాసుకోండి, నోటి దురుసు కూడా ఉంది" అన్నారు ఉప హాకిమ్. నేరం దొరికిందని సంఘం ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు మూలనుంచి ఒక మూలుగు వినపడింది. బాల్తాబాయ్ బాబా! ఆయన్ని మేమందరం మర్చిపోయాం. ఏడు చాపాన్ల మధ్య ఆయన ముఖం తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టెలా ఎర్రగా ఉంది.

"నాయనలారా, మీ మాటలయ్యాయా?" అన్నారు.

"ఏం కావాలి బాబా? చలిగా ఉందా?" అని ఉప హాకిమ్ గారు బొంత కోసం చూశారు.

"చలా! నీ నోట్లో తేనె పొయ్య! ఇంకోటి కప్పావంటే నా కథలో వీరుణ్ణి నువ్వే పూడ్చి రావాలి" అంటూ బాబా లేచారు. ఒక్కొక్క చాపానే విప్పి నేల మీద పడేశారు. ఎనభై దాటినవాళ్లు ఏం చేసినా అది ఆచారమే. ఆయన కంప్యూటర్ వైపు తిరిగి, "ఈయనకూ నాలాగే ఉడుకుతున్నట్టుంది, పాపం నోరు లేదు. పెద్దవాణ్ణి, ఇద్దరి తరఫునా నేనే విప్పుతున్నా" అని, బొంతల నుంచి జరీ అంచు చాపాన్ దాకా అన్నీ లాగేశారు.

ముహయ్యో ఒక్క ఉదుటున వెళ్లి కిటికీ తెరిచింది.

"గాలి! గాలి!" అని అరిచారు ఎర్గాష్ అకా, రెండు చేతులతో నడుము పట్టుకుని. గది క్షణంలో ఖాళీ అయిపోయింది. శత్రువు దండెత్తినా అంత వేగంగా మేం పారిపోయి ఉండం. బాబాను మల్బరీ చెట్టు నీడలో పడుకోబెట్టి, పియాలాతో చల్లారిన టీ పట్టారు. ముహయ్యో ఆయన దగ్గరే కూర్చుంది. అంతకుముందు అందరికన్నా చివర గదిలోంచి బయటకొస్తూ, చల్లబడిన కంప్యూటర్ మీట నొక్కి రావడం నేను చూశాను. చప్పుడేమీ రాలేదు. రాకూడదనేగా కొన్నది!

హాకిమ్ గారు వచ్చారు. నేల మీద చాపాన్లు చూసి కళ్లెర్రజేశారు, ఎవరు తీశారో విని వాటిని మళ్లీ మామూలు రంగుకు తెచ్చుకున్నారు. కిటికీ మూయించి, తలుపు వేయించి, సంఘాన్ని లోపల కూర్చోబెట్టి, అన్నిటికన్నా మెత్తగా ఉందని బాబా కుర్చీలో తాను కూర్చున్నారు. ఎదురుగా మైకు. మైకు పక్కన కంప్యూటర్. దాని పక్కన, ప్రసారం సాగుతున్నప్పుడు వెలిగే ఆవగింజంత ఆకుపచ్చ దీపం. అది వెలుగుతోందని నేను గమనించాను. హాకిమ్ గారికి చెప్పాలనే అనుకున్నాను. కానీ పెద్దలు మాట్లాడుతుండగా అడ్డు రావడం సంస్కారం కాదు.

"దోషి దొరికిందా?"

"దొరికింది హాకిమ్ అకా. ముహయ్యో. నోటి దురుసు" అన్నారు ఎర్గాష్ అకా.

"సరే, సాయంత్రానికి పంపించెయ్." హాకిమ్ గారు నెత్తి మీది దొప్పీ టోపీ తీసి విసురుకున్నారు. పలావు బాగా కుదిరినట్టుంది, మనిషి హుషారుగా ఉన్నారు. "ఇక్కడ మనవాళ్లమేగా. ఇదెలాగూ చచ్చింది, వినేవాడు లేడు. నిజం చెప్పండ్రా, మీకు తెలీదూ దీన్ని ఎవరు చంపారో?"

"తెలీదండి" అన్నారు ఎర్గాష్ అకా.

"ఆ పిల్ల నాతో చెప్పబోయింది కదా, బట్ట కప్పొద్దని. నువ్వు వినలేదూ?"

"మీరు వినందే నేనెలా వింటానండి?"

హాకిమ్ గారు కడుపు పట్టుకుని నవ్వారు. "ఓరి నీ విధేయత పాడుగాను! నాకు వినపడిందయ్యా. ఫోటో తీస్తున్నారని ఆపాను. మొదటి చాపాన్ నాది. నేను కప్పకపోతే మీలో ఒక్కడైనా కప్పేవాడా? ఉడకబెట్టి చంపింది నేను. కానీ ఆ మాట నా ముఖాన అనే మొనగాడు ఈ జిల్లాలో పుట్టలేదు. ఏదీ, దోషి ఎవరో గట్టిగా అనండి, చూద్దాం. అనండి, నేను చెబుతున్నాగా!"

హాకిమ్ గారు చెప్పాక చెయ్యకపోవడం మా జిల్లాలో ఎన్నడూ జరగలేదు. విచారణ సంఘం ఒక్కుమ్మడిగా లేచి నిలబడింది. విద్యుత్ శాఖ గొంతు సవరించుకుంది. ఎర్గాష్ అకా గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను అలవాటు కొద్దీ మైకుకు కాస్త దగ్గరగా జరిగాను. అందరం కలిసి ఎంతో క్రమశిక్షణతో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలుకుతూ అన్నాం:

"దోషి హాకిమ్ తోహిర్ మద్రహీమోవ్!"