అరువు తెచ్చిన గళ్ల

పొద్దున్నే బస్సెక్కి సారపాక నుంచి భద్రాచలం వెళ్లి, కఫం పరీక్షకు గళ్ల సీసా దవాఖానాలో ఇచ్చి, ఫిట్‌నెస్ కాగితంతో తిరిగి రావాలన్నది రామ్‌సింగ్ ఆలోచన. నిమోనియాతో పదిహేను రోజులు మంచాన పడ్డాడు. రేపు ఆ కాగితం చూపకపోతే పేపర్ మిల్లులో వెదురు దింపే పని ఇంకొకరికి పోతుంది.

చిక్కల్లా గళ్లతోనే. ఎంత దగ్గినా కళ్లు ఎర్రబడ్డాయి తప్ప సీసా అడుగు తడవలేదు.

"ఖాళీ సీసా తీస్కపోతే డాక్టర్ మేడం తిప్పి పంపిస్తది," అంది భార్య పూలి. "జకర్యన్న వారం సంది దగ్గుతుండు గదా. అడుగరాదు?"

పక్కింటి జకర్యా నిచ్చెన అడిగినా, సైకిల్ పంపు అడిగినా లేదనే మనిషి కాదు. "గీ దానికి మొహమాటమేంది తమ్మీ!" అంటూ ఒక్క దగ్గుకే సీసా సగం నింపాడు.

మధ్యాహ్నం దవాఖానాలో డాక్టర్ ప్రమీల రామ్‌సింగ్‌ను ఎగాదిగా చూసింది. "ఎట్ల నిలబడ్డవయ్యా? మైక్రోస్కోపులో చూసిన. నీ తెల్లకణాలు క్రిములతో కొట్లాడి కుప్పలుగా చచ్చిపడ్డయి. క్రిముల్ని చంపే పెప్టైడ్లని సన్నటి ప్రొటీన్లుంటయి, అవన్నీ కుమ్మరించి మరీ చచ్చినయి. అయినా క్రిములదే పైచేయి. అడ్మిట్ కావాలె."

గళ్ల తనది కాదంటే మోసమని కాగితం అసలే ఇవ్వదేమోనని రామ్‌సింగ్ నోరు విప్పలేదు. మంచమెక్కించి సెలైన్ గుచ్చారు. పని పోతుందన్న బెంగతో, వెంట వచ్చిన పూలి కాయిన్ బాక్సు ఫోనులో ఏడ్చిన ఏడుపు విని, మనిషికే ఏదో అయిందనుకుంది వాడకట్టంతా.

అందరికంటే ముందు జకర్యా బ్రెడ్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మంచం పక్కన మోకరించి, రామ్‌సింగ్ చెయ్యి పట్టుకుని, "ప్రభువా, నా తమ్ముని ఊపిరితిత్తులు బాగుచెయ్యి," అని మొదలుపెట్టాడు. మాటమాటకూ దగ్గు అడ్డొస్తోంది. జకర్యా చెయ్యి జ్వరంతో కాలిపోతోంది.

అన్ని కణాలు ఎవరి కోసం చచ్చాయో, ఆ మనిషే రామ్‌సింగ్ కోసం ప్రార్థిస్తున్నాడు. పని పోతే పోనీ అనుకుని రామ్‌సింగ్ ప్రమీలను కేకేశాడు.

"మేడం, సూది ఈ అన్నకియ్యుండ్రి. సచ్చినయి ఈయన కణాలే. సీసాల ఉన్నది ఈయనదే."

ప్రమీల తల పట్టుకుంది. "మరి నీ గళ్ల ఏది?"

"ఎంత దగ్గినా రాలే మేడం."

ఆమె అతని వీపుకు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. "రాకపోతే రాలేదని చెప్పాలె గదయ్యా! ఛాతీ తేటగుంది. నీకు తగ్గిపోయింది," అంటూ కాగితం మీద సంతకం పెట్టింది.

మంచం చేతులు మారింది. రామ్‌సింగ్ పక్కన కూర్చుని బ్రెడ్డు పాలలో ముంచి తినిపిస్తుంటే, "నా కణాలు బాగనే కొట్లాడినయంట గద తమ్మీ," అని జకర్యా మురిసిపోయాడు.

మర్నాటి నుంచి ఆ దవాఖానాలో గళ్ల సీసా నర్సు ఎదుటే నింపాలన్న నియమం వచ్చింది.