తులం తులంగా పెరిగిన నవల

మానేరుపేటలో ఎవరైనా "ఆ పుస్తకం నేను చదివాను" అని అన్నప్పుడల్లా ఆ పుస్తకం ఒక తులం బరువు పెరుగుతుంది. ఎక్కడ అన్నా, ఎవరితో అన్నా, దాని ప్రతులన్నీ ఒకేసారి ఆ తులం పెరుగుతాయి. అన్న మనిషి నిజంగా చదివాడా లేదా అన్నది పుస్తకానికి పట్టదు. ఊళ్లో ఇది కొత్త సంగతేమీ కాదు. పేరున్న పుస్తకం చేతిలో ఉంటే బస్సు కండక్టర్ లగేజీ టికెట్ కొడతాడు. ఇల్లు కట్టుకునేవాళ్లు పుస్తకాల గది కింద అదనంగా రెండు పిల్లర్లు వేయించుకుంటారు. పురపాలక సంఘంలో పుస్తక భార విభాగం అని ఒకటుంది. నీటి పన్ను విభాగం పక్క గది. మధ్యాహ్నం భోజనం వేళ రెండూ మూసి ఉంటాయి.

ఎవరూ మాటెత్తని పుస్తకాలు మాత్రం ఏటికేడు తేలికపడతాయి. మరీ మరుపున పడ్డవి అరలోంచి లేచి గ్రంథాలయం పైకప్పుకు అంటుకుని ఉంటాయి. వాటిని దించడానికి మామిడికాయలు తెంపే చిక్కం ఒకటి గుమ్మం పక్కనే ఆనించి పెట్టారు. ఆ చిక్కాన్ని వాడేది ఊరంతటికీ సుగుణ ఒక్కతే.

సుగుణ విద్యుత్ ఆఫీసులో పనిచేస్తుంది. పైకప్పు పుస్తకాలు తప్ప ఇంకోటి ముట్టదు. ఆమె చిన్ననాటి స్నేహితురాలు నస్రీన్ ఆడపిల్లల జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. నస్రీన్‌కు ఊరంతా మెచ్చుకునే పుస్తకమంటే ప్రాణం. ఆ పుస్తకాలు గుండెల మీద పెట్టుకుని చదివీ చదివీ ఆమెకు పక్కటెముకల నొప్పి కూడా వచ్చింది. ఇద్దరూ ఆఫీసులు అయ్యాక బస్టాండు ముందున్న హోటల్లో చాయ్ తాగుతూ ఈ విషయం మీదే రోజూ కొట్లాడుకుంటారు. కొట్లాట లేని రోజున ఇద్దరికీ చాయ్ రుచించదు.

ఆ రోజు కొట్లాట పెద్ద నవల మీదికి మళ్లింది. పెద్ద నవల అంటే ఊళ్లో అందరికీ తెలుసు. ఎప్పుడో అచ్చయినప్పుడు అది కిలో బియ్యమంత ఉండేది. ఆ తర్వాత మంచాలు విరిగాయి, బీరువాలు కూలాయి, ఒకరి ఇంట్లో మేడ మీది నవల వంటగదిలోకి దిగింది. పురపాలక సంఘం లారీలు పెట్టి ప్రతులన్నీ సేకరించి పాత క్వారీలో దింపేసింది. ఒక్కటి మాత్రం స్టేడియం పక్క మైదానంలో రేకుల షెడ్డు కింద ఉంచారు. దాని అట్ట ఒక్కటే నలుగురు హమాలీలు లేపలేనంత బరువు. అందుకని ఏళ్లుగా దాన్ని ఎవరూ తెరవలేదు. ఆదివారాలు జనం పిల్లాపాపలతో వచ్చి, అట్టను ముట్టుకుని, "చదివినం" అని చెప్పుకుని పోతారు.

"అంతమందికి నచ్చిందంటే అండ్ల ఏదో ఒకటి ఉంటది గదనే," అంది నస్రీన్.

"అంతమంది లైన్ల నిలబడ్డరంటే, లోపలేమున్నదో తెల్వకనే నిలబడ్డరు," అంది సుగుణ.

"నేను చదివిన. అది బరువెక్కకముందే చదివిన. రెండు రోజులు అన్నం సయించలే నాకు. నువ్వు చదివినవా?"

"దాన్ని చదవాల్నా? ఆ షెడ్డు చూస్తె తెలుస్తలేదా ఎట్లాంటిదో!"

నస్రీన్ కప్పు కింద పెట్టింది. "చదవకుండ బాగుంది అనేటోళ్లకు, చదవకుండ బాగలేదు అనే నీకు ఏం ఫరక్ ఉన్నదే?"

సుగుణ చాయ్ సగంలోనే వదిలేసి లేచింది. ఇన్నేళ్ల కొట్లాటల్లో ఆమె ఓడిపోవడం అదే మొదలు. ఇంటికి పోతూ దారంతా జవాబు వెతికింది, దొరకలేదు. మర్నాడు సెలవు పెట్టి నేరుగా పుస్తక భార విభాగానికి పోయింది.

అక్కడి అధికారి మల్హర్ రావు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి సంగతేమిటని అడిగాడు. పెద్ద నవల అట్ట తెరవడానికి అనుమతి కావాలంది సుగుణ.

"దేనికి మేడం? దండ వేయడానికా? దండ అట్ట మీదనే వేయొచ్చు. ఫొటోకా?"

"చదవడానికి."

మల్హర్ రావు కాసేపు ఆమెను, పోలియో చుక్కలు తప్పిపోయిన పిల్లను చూసినట్టు చూశాడు. "ఊళ్లో అందరు చదివిన్రనుకున్న మేడం నేను. మీరొక్కరు మిగిలిపోయిన్రా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఆమె తల ఊపింది. అంతలోనే ఆయన ముఖం వెలిగింది. లేచి నిలబడ్డాడు. "చదివిద్దాం మేడం! ఎందుకు చదివియ్యం? ఉత్సవం జేద్దాం. అట్ట తెరిచే ఉత్సవం!"

బొగ్గు గనుల నుంచి క్రేన్ వచ్చింది. మైదానం చుట్టూ కట్టెలతో కంచె కట్టారు. ఆదివారం పొద్దున్నే ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఐసుబండ్లు, బుడగలమ్మేవాళ్లు, టీవీ వాళ్లు. కాలేజీ అమ్మాయిలు గోడలెక్కి కూర్చున్నారు. మైకులో ఒకటే విన్నపం: అట్ట లేచి ఉన్నంతసేపూ దయచేసి ఎవరూ "చదివాను" అనే మాట పలకవద్దు, క్రేన్ మోయగలిగిన బరువుకు హద్దుంది, సహకరించగలరు. జనం సహకరించారు. నోటికి చేతి రుమాళ్లు అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వుకున్నారు.

గొలుసులు బిగిశాయి. అట్ట మూలుగుతూ లేచింది. ఏళ్లుగా గాలి తగలని కాగితం వాసన మైదానమంతా కమ్ముకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. పుస్తకానికి అడ్డంగా వేసిన పలక మీదికి సుగుణ ఎక్కింది. పేజీ తిప్పడానికి అటొక హమాలీ, ఇటొక హమాలీ. నస్రీన్ కింద పలక పట్టుకుని నిలబడింది, తానే పరీక్ష రాస్తున్నట్టు గోళ్లు కొరుక్కుంటూ.

తప్పులు వెతుకుదామనే సుగుణ మొదలుపెట్టింది. మొదటి పేజీలో ఒక రైల్వే గేటు, గేటు కాసే పోశవ్వ. పోశవ్వకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నదల్లా ఒక ఎర్ర దీపం. ఆ ఊరి దొర జీపు వస్తుంది, గేటు తీయమంటాడు. రైలు పోయేదాకా తీయనంటుంది పోశవ్వ. ఆ నాలుగు పేజీలు చదివేసరికి సుగుణ తప్పుల సంగతి మరిచిపోయింది. హమాలీలు అలసిపోయి నెమ్మదిస్తే "జల్ది తిప్పుండ్రన్నా!" అని తొందరపెట్టింది.

"ఎక్కడిదాక వచ్చినవే?" కింద నుంచి నస్రీన్ అరిచింది.

"దొర జీపు ఎనుకకు మళ్లిచ్చుకున్నడు!"

"ముందుంది చూడు! ముందుంది!" నస్రీన్ కింద ఎగిరి గంతేసింది.

నవలలో ఆ రాత్రి నుంచి ఆ దారిన పోయే ప్రతి రైలూ పోశవ్వ గేటు దగ్గర ఒక కూత ఎక్కువ కూస్తుంది. సుగుణ ముక్కు చీదుకుంది. నవ్వింది. మళ్లీ కళ్లు తుడుచుకుంది. పైకప్పు నుంచి దించుకున్న పుస్తకాల్లో ఒక్కటీ ఆమెను ఇట్లా నడిబజారులో నిలబెట్టి ఏడిపించలేదు. మధ్యాహ్నం దాటేసరికి నవల సగానికొచ్చింది. ఎన్నడూ ఆగని మెయిలు రైలు ఒకనాడు పోశవ్వ గేటు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒక మనిషి మెట్టు మీద కాలు పెట్టాడు. పేజీ అక్కడికి అయిపోయింది.

"ఎట్లుంది మేడం?" అని టీవీ అమ్మాయి మైకు చాపింది.

సుగుణ ఆ మైకు లాక్కుంది. అంత సంతోషం ఆమెకు ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు. "బాగుంది! మస్తుగుంది! నేనే ఎడ్డిదాన్ని, ఇన్నేండ్లు!" అని అరిచింది.

మైదానం ఒక్కసారి హోరెత్తింది. "మేం చెప్పలేదా మరి!" అని ఎవరో అరిచారు. "మేం ఎప్పుడో చదివినం!" అన్నారు ఇంకెవరో. రుమాళ్లు పక్కకు పోయాయి. గోడల మీది అమ్మాయిలు, ఐసుబండ్ల వాళ్లు, పోలీసులు, అందరూ పిడికిళ్లెత్తి "చదివినం! చదివినం!" అని నినాదం ఎత్తుకున్నారు. టీవీల ముందు కూర్చున్న జిల్లా అంతా అందుకుంది. ఆ మాట అనవద్దని మొత్తుకోవలసిన మల్హర్ రావు కూడా పొంగిపోయి చేయి పైకెత్తాడు.

క్రేన్ ముందుకు ఒరిగింది. హమాలీలు దూకేశారు. "దిగవే!" అంటూ నస్రీన్ ఆమె చీరకొంగు పట్టి గుంజింది. సుగుణ ఒక చేత్తో ఇంకా పేజీ అంచు పట్టుకునే ఉంది. "ఆగే, ఒక్క పేజీ, ఎవరు దిగిండో చూస్త!" అంటూనే కింద పడింది. గొలుసు తెగింది. అట్ట మూతపడిన చప్పుడుకు స్టేడియం లైట్లు పగిలాయి. నేల బీటలు వారింది. పెద్ద నవల దుమ్ము మధ్యలో మెల్లగా, హుందాగా, భూమిలోకి దిగిపోయింది. జనం దాన్ని చప్పట్లతో సాగనంపారు. ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఉత్సవం విజయవంతమైందని సాయంత్రం ప్రకటన వచ్చింది. గోతి మీద సిమెంటు పలక పోసి, దాని మీద బెంచీలు వేశారు.

మర్నాడు హోటల్లో సుగుణ చాయ్ కూడా చెప్పలేదు. "దిగింది ఎవరే? జల్ది చెప్పు, నాకు రాత్రంత నిద్రలేదు."

నస్రీన్ ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్లకు తన పుస్తకం గురించి అడిగే మనిషి దొరికింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చెప్త, ఆగు. తలుపు తెరుస్తది గదా, పోశవ్వ దీపం పైకి లేపుతది..."

"ఆమె కొడుకు దిగుతడు," అన్నాడు పక్క టేబుల్ ఆయన. "కలెక్టరై వస్తడు. నేను చదివిన."

"అవ్, కలెక్టరే," అన్నాడు గల్లా దగ్గరి ఆయన. హోటల్లో ఉన్నవాళ్లంతా అవునన్నారు. కొందరు ఆ ఘట్టం తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు.

"ఆమెకు కొడుకే లేడు!" అంది నస్రీన్.

అక్కడ మొదలైన రగడ పుస్తక భార విభాగం దాకా పోయింది. పేరున్న నవలను కించపరుస్తున్నారని నస్రీన్ మీద ఫిర్యాదు అందింది. విచారణ ముగిసేదాకా నవల చివరి భాగం గురించి ఎవరితోనూ మాట్లాడవద్దని ఆమెకు నోటీసు ఇచ్చారు. ఆమె మాట్లాడలేదు. సుగుణ ఎంత బతిమిలాడినా పెదవి విప్పలేదు, ప్రభుత్వ ఉద్యోగం మరి.

విచారణకు సుగుణ సాక్షిగా వెళ్లింది. "మొదటి పేజీలనే ఉన్నది సార్, పోశవ్వకు పిల్లలు లేరని. నా కండ్లతోని చూసిన!" అని బల్ల మీద చరిచి చెప్పింది.

"మీరు సగమే చదివిన్రు మేడం," అన్నాడు మల్హర్ రావు మెత్తగా. "పిల్లలు రెండో సగంల పుట్టిన్రేమో." తర్వాత నస్రీన్ వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఇంతమంది చదివిన్రు. అందరికి ఒక్కతీరుగనే యాదికున్నది. మీరొక్కరే పుస్తకం తెరిచి చదివిన్రు. అందుకనే మీకు పొరపాటు పడ్డది."

కొడుకు దిగినట్టుగా నవల కథ ధ్రువీకరించబడింది. ఆ కథనే క్లుప్తంగా రాయించి కాలేజీల్లో పాఠంగా పెట్టారు. తెలుగు మేడం సెలవులో ఉండడంతో ఆ పాఠం కొన్నాళ్లు నస్రీనే చెప్పవలసి వచ్చింది. మొదట్లో ఆమె పాఠ్యపుస్తకం చూసి చదివేది. తర్వాత చూడకుండా చెప్పింది. అమ్మాయిలు ఏడ్చారు. ఒకరోజు తానూ ఏడ్చింది.

వానలు మొదలైన ఒక సాయంత్రం ఇద్దరూ హోటల్లో కూర్చున్నారు. విచారణ ముగిసింది కాబట్టి నోటీసు కూడా ఇక చెల్లదు. బయట వాన హోరుకు పక్క టేబుల్‌కు మాట వినబడదు. సుగుణ ముందుకు వంగింది. "ఇప్పుడన్న చెప్పే. అసలు దిగింది ఎవరు?"

నస్రీన్ ఏదో గుర్తు తెచ్చుకోబోయి, దొరకక వదిలేసినట్టు, చివరికి నవ్వింది. "కొడుకేనే. ఎంత మంచిగ రాసిండనుకున్నవ్! దిగంగనే వాడు దీపం అందుకుంటడు, 'ఇగ నువ్వు కూసో అమ్మా' అంటడు..."

"ఆమెకు పిల్లలు లేరు గదా," అంది సుగుణ.

"ఉన్నడే. మనమే సరిగ్గ చదవలే."

సుగుణ మొదటి పేజీని గుర్తు తెచ్చుకుంది. గేటు గుర్తుంది. ఎర్ర దీపం గుర్తుంది. పిల్లలు లేరన్న వాక్యం దగ్గర మాత్రం ఇప్పుడు ఒక చిన్న పిల్లవాడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తల్లి చేతి దీపం అందుకున్న కలెక్టరును తలుచుకోగానే ఆమెకు కళ్లు చెమర్చాయి.

"తెల్ల అంగి తొడుక్కుంటడు గదా దిగినప్పుడు?" అంది ఉత్సాహంగా.

"తెల్లది కాదు, నీలం!" అంది నస్రీన్.

"నాకు మంచిగ యాదికున్నదే, తెల్లదే!"

చాయ్ చల్లారిపోయేదాకా ఇద్దరూ ఆ అంగి రంగు మీద గట్టిగట్టిగా కొట్లాడుకున్నారు.