బాపిరాజుగారి వాన సీసా

గురువారం పొద్దున బాపిరాజు చేయదలచినవి రెండే పనులు: డాబా మీద వాన సీసా మార్చడం, కిందికి దిగి పెసరట్టు తినడం. రెండో పని ఎంత ఇష్టమైనా మొదటిది కానిదే ముట్టడు. ప్రభుత్వ కర్మాగారం ల్యాబులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, ఒక్క నమూనా కూడా చెడగొట్టకుండా రిటైరైన మనిషి. ఆ సంగతి కిష్టారెడ్డిపేటలో పాలు పోసే జంగయ్యకు కూడా తెలుసు, రోజూ వింటాడు కాబట్టి.

వానలో, గాలిలో పాదరసం ఎంత ఉందో కొలిచే పెట్టెను చెరువు పక్కనున్న ఆయన డాబా మీద పెట్టి నెల కావస్తోంది. పెట్టించింది నిషిత అని, యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న పిల్ల. పెట్టె మూత చినుకు తగలగానే తనంతట తనే తెరుచుకుంటుంది, వాన ఆగితే మూసుకుంటుంది. లోపల గరాటు, దాని కింద సీసా, పక్కన గాలి పీల్చే పంపు. వారానికోసారి కింది తలుపు తీసి సీసా మార్చడం బాపిరాజు వంతు. మూత జోలికి ఏనాడూ పోలేదు. చేతులకు రెండు జతల తొడుగులు, మూతికి మాస్కు. ఆ పెట్టె దగ్గర ఊపిరి కూడా ఆచితూచి పీల్చేవాడు.

సీసా మార్చి వచ్చి, పెసరట్టు తుంచబోతుండగా నిషిత ఫోను చేసింది.

"సార్, మీ మొదటి మూడు సీసాల రిజల్ట్ వచ్చింది. పాదరసం ఉండాల్సిన దానికి వెయ్యి రెట్లుంది. గాలిలో మాత్రం అంత లేదు, అదే వింత. పెట్టెను ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరనుకుంటున్నావమ్మా నన్ను? ముప్పై నాలుగేళ్ళు..."

"తెలుసు సార్. రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి."

చెప్పకూడదనే అనుకున్నాడు పాపం. కానీ గేటు దగ్గర మొగులయ్య ఎదురుపడ్డాడు. ఆ చెరువులో చేపలు పట్టే సొసైటీకి మొగులయ్యే పెద్ద.

"ఏంది సారూ, మొకం గట్ల వాడిపోయింది?"

"నీకొక్కడికే చెప్తున్నా మొగులయ్యా. వానలో పాదరసం పడుతోంది. వెయ్యి రెట్లు!"

"నేనెవ్వలకు చెప్త సారూ!" అంటూనే మొగులయ్య ఫోను తీశాడు. చేసింది సొంత కొడుకు మల్లేష్‌కే. మల్లేష్ చెరువవతలి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనివాడు. అతను కంపెనీ బస్సులో పక్క సీటువాడి ఒక్కడికే చెప్పాడు. ఆ బస్సులో నలభై ఎనిమిది సీట్లు.

మధ్యాహ్నానికి అపార్ట్‌మెంట్లలో ఆరేసిన బట్టలన్నీ లోపలికొచ్చాయి. మబ్బు తునక లేకపోయినా జనం గొడుగులేసుకు తిరిగారు. ఎదురింటి వెంకటరమణమ్మగారు వచ్చి, "పాదరసం వెండిలా మెరుస్తూ పడుతుందటగా అన్నయ్యగారూ, గిన్నె పెట్టమంటారా?" అని అడిగారు. సాయంత్రానికి చేపలు కొనేవాడు లేడు.

మొగులయ్య మళ్ళీ వచ్చాడు. "సారూ, రెండు గంపల చేపలు గట్లనే ఉన్నయ్. నువ్వు చెప్పింది నిజమే గదా? పొరపాటైతే మా సొసైటీ మునుగుతది."

"నా సర్వీసు మీద ఒట్టు మొగులయ్యా" అన్నాడు బాపిరాజు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

శుక్రవారం పొద్దున్నే నిషిత వచ్చింది. మామూలుగా అది బాపిరాజు వాకింగుకు వెళ్ళే వేళ. ఆ రోజు మానుకుని, ఆ పిల్లను వెంటబెట్టుకుని డాబా ఎక్కాడు. చివరి మెట్టు మీద ఇద్దరూ ఆగిపోయారు.

భార్య అన్నపూర్ణ తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని పెట్టె ముందు నిలబడి ఉంది. చెంబులో వేళ్ళు ముంచి మూత మీద నీళ్ళు చిలకరించింది. మూత కిర్రుమంటూ తెరుచుకుంది. భక్తితో దండం పెట్టి, గరాటు లోపల వరసగా ఎర్రటి బొట్లు పెట్టడం మొదలుపెట్టింది.

"అన్నపూర్ణా!"

"అరవకండి. శ్రావణ శుక్రవారం. ఇంటికి కొత్త మిషనొస్తే బొట్టు పెట్టమా? ఫ్రిజ్జుకు పెట్టలేదూ, స్కూటరుకు పెట్టలేదూ? ఇదైతే నీళ్ళు చల్లగానే నోరు తెరుస్తుందండీ. ఫ్రిజ్జు ఏనాడైనా తెరిచిందా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"శ్రావణం మొదలైనప్పటి నుంచీ, మీరు వాకింగుకెళ్ళగానే. బయట పెడితే తుడిచేస్తారని లోపల పెడుతున్నాను."

నిషిత భరిణె అందుకుంది. "ఇదేం సింధూరం ఆంటీ?"

"అసలైన ఇంగిలీకంతో చేసిందమ్మా. ఆ రంగు పొడులు నేను వాడను."

ఇంగిలీకంలో ఉండేది పాదరసమేనని బాపిరాజుకు ఒకరు చెప్పనక్కర్లేదు. మెట్టు మీదే కూలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళ పరువు ఒక్క భరిణెలో కలిసిపోయింది.

అంతలో కింద గోల. మొగులయ్య సొసైటీవాళ్ళతో వచ్చాడు. వాళ్ళ వెనకే ఫ్యాక్టరీ మేనేజరు మహేంద్ర చెమటలు తుడుచుకుంటూ కారు దిగాడు. బాపిరాజు కాళ్ళీడ్చుకుంటూ కిందికొచ్చి చేతులు జోడించాడు.

"అయ్యా, తప్పు జరిగింది..."

"జరిగింది సార్!" అన్నాడు మహేంద్ర, మాట పూర్తి కానివ్వకుండా. "బస్సులో అందరూ మా పొగగొట్టం గురించే మాట్లాడుకుంటున్నారు. బొగ్గు పొగలోని పాదరసాన్ని ఆపే ఫిల్టర్లు బాయిలరుకు తీసేసి నాలుగు నెలలైన మాట నిజమే. సోమవారానికి కొత్తవి పెట్టిస్తాం. రిపోర్టులో మీరు కొంచెం చూసి..."

మొగులయ్య అప్పటికే ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. "జెర మొదటి నుంచి మళ్ళొక్కసారి చెప్పు సారూ. వీడియో సక్కగ రాలే."

అక్కడితో ఊరుకుంటే బాపిరాజు పరువు భద్రంగా ఉండేది. కానీ ఆయన ఊరుకోలేడు. "పూర్తిగా వినండి. సీసాలో ఉన్న పాదరసం మా ఇంటి బొట్టుది. నమూనా చెడింది, నా చేతి కిందే చెడింది. చేపల సంగతి మళ్ళీ కొలిచి చెప్తాం" అన్నాడు.

మహేంద్ర ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అంటే... మా పొగ మీద మీకు అనుమానమే లేదా?"

"ఇప్పటిదాకా లేదు సార్" అంది నిషిత, నోటుపుస్తకం తెరుస్తూ.

మొగులయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మ బొట్టు మహిమ జూడు! పెట్టె ఒక్కటే గాదు, మేనేజర్ సారు గూడ నోరు తెరిసిండు."

సోమవారం ఫిల్టర్లు వచ్చాయి. సీసా, గరాటు కొత్తవి పెట్టి కొలిస్తే వాననీళ్ళూ సరిగానే ఉన్నాయని తేలింది, చేపలు మళ్ళీ అమ్ముడుపోయాయి. కొత్త ఫిల్టర్లకు పూజ చేయమని మల్లేష్ వాళ్ళు అన్నపూర్ణనే పిలిచారు. బాపిరాజు భరిణె దాచేసి, గంధం గిన్నె ఇచ్చి, రెండు జతల తొడుగులు తొడిగించి మరీ పంపాడు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క నమూనా కూడా చెడలేదనీ, రిటైరయ్యాక చెడింది లెక్కలోకి రాదనీ జంగయ్య ఇప్పుడు రోజూ వింటున్నాడు.